కావలి పన

ఆఖరి బండి కొట్టం చేరి ఎనిమిది రోజులైంది. లాంగ్ డీన్ చేను నడిమధ్య మాత్రం కోసి కట్టిన గోధుమ మోపు, ఒకే ఒక్క పన, ఇంకా నిలబడే ఉంది. గేటు బయట పదిహేడుమంది ఆడవాళ్ళు, నడుముకి సంచులు కట్టుకుని, చంకన పిల్లలతో, దాన్నే చూస్తున్నారు.

దాన్ని కావలి పన అంటారు. కోతలయ్యాక కామందు ఆ ఒక్క పనా తీయించేదాకా రాలిన వెన్నుల పరిగె ఏరుకోవడానికి ఎవరూ చేలో అడుగు పెట్టకూడదు. అది తీస్తే చేను ఊరందరిదీ. ఎవరు పెట్టారీ కట్టుబాటు? నేల చేతిలో ఉన్నవాళ్ళే పెట్టారు. దున్ని విత్తిన చేతులు తాతల నాటి నుంచీ దానికి తలొగ్గుతూ వచ్చాయి. ఆ పరిగె గింజలే కూలివాళ్ళకి చలికాలపు రొట్టె.

ఈ ఏడు కామందు గోస్‌లింగ్ కావాలనే పన తీయించలేదు. జూలైలో మగవాళ్ళు కూలీల సంఘంలో చేరి, శనివారం మధ్యాహ్నం సెలవు కావాలని కొడవళ్ళు కింద పెట్టారు. గోస్‌లింగ్ పక్క జిల్లా మనుషులతో కోయించాడు. సమ్మె చేసినవాళ్ళంతా సంఘం చీటీలు తెచ్చి తన గుమ్మం ముందు చించితేనే పన కదులుతుందని కబురు పెట్టాడు. పడమట మబ్బు కడుతోంది. ఒక్క వాన పడితే రాలిన వెన్నులన్నీ మొలకెత్తిపోతాయి.

గుంపుకి పది గజాల ఎడంగా ఒక్కతే నిలబడింది కెజయా.

మూడేళ్ళ కిందట ఆమె మొగుడు ఏమస్ గోస్‌లింగ్ బండి చక్రం కింద పడి చనిపోయాడు. ఉంటున్న ఇల్లూ గోస్‌లింగ్‌దే. పాలగదిలో కుండలు కడుగుతూ, నోరు మూసుకుని ఉన్నన్నాళ్ళు ఉండనిస్తానన్నాడు. ఆ ఇల్లు పోతే పట్నంలో బీదల గృహమే గతి. అక్కడ తల్లిని ఒక కొసన, బిడ్డని ఇంకో కొసన ఉంచుతారు. ఆరేళ్ళ టిల్లీకి దగ్గు. దగ్గు తెర వచ్చినప్పుడు లేపి కూర్చోబెట్టి వీపు రాసేదెవరు? కెజయాకి పగలూ రాత్రీ అదే భయం. అందుకే ఊళ్ళో సంఘం సభ జరిగిన రోజు తలుపు గడియ పెట్టుకుని కూర్చుంది.

అప్పట్నుంచీ ఆమెతో మాట్లాడినవాళ్ళు లేరు. బావి దగ్గరికి వెళితే మాటలు ఆగిపోయేవి. ఒకే గోడకి అటూ ఇటూ కాపురాలు తనదీ డోర్కాస్‌దీ. అటు నవ్వులు వినిపించేవి, ఇటు తనూ దగ్గూ. ఒకసారి ఉప్పు కోసం వెళితే డోర్కాస్ ఉప్పయితే పోసింది గాని, గుమ్మం దాటి రానివ్వలేదు.

"మా గాలి తగిలితే నీ ఇల్లు ఊడిపోద్దేమో వదినా, దూరంగానే ఉండు," అంది.

గోస్‌లింగ్ గుర్రం మీద వచ్చాడు. వెనకాల సైకిలు నడిపించుకుంటూ పోలీసు. గుంపుని ఒకసారి కలయజూసి, వేలు కెజయా మీద ఆపాడు.

"నువ్వు వెళ్ళు. చేనంతా నీదే, నీ ఓపిక," అన్నాడు. మిగిలినవాళ్ళకేసి తిరిగి, రేపు పందుల్ని తోలిస్తానని, అవి ఏ సంఘంలోనూ చేరలేదని చెప్పి నవ్వాడు.

కెజయా కదిలింది. ఆడవాళ్ళు దారి ఇచ్చారు. ఒక తిట్టు తిట్టినా బాగుండుననిపించింది.

ముప్ఫై ఎకరాల కోత మోళ్ళలో ఒక్కతే వంగింది. పరిగె ఏరడం ఒంటి మనిషి పని కాదు. ఏటా బారుగా నిలబడి, మొగుళ్ళ మీద హాస్యాలాడుకుంటూ, ఒకరి పిల్లని ఒకరు మందలిస్తూ ఏరేవాళ్ళు. ఇప్పుడు ఆమె గౌను అంచు మోళ్ళకి రాసుకునే చప్పుడు తప్ప ఏమీ లేదు. సంచి సగమయింది. ఈ పిండి ఎన్ని వారాలొస్తుందో తలుచుకుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో కూడా, ఎప్పటిలాగే, తలుచుకుంది.

కీడు ఊహించడంలో ఆమెని మించినవాళ్ళు లేరు. ఇవాళ కాకపోతే రేపు తన చేతులు చల్లనీళ్ళకి బిగుసుకుపోతాయి, పాలగదికి పడుచు పిల్ల వస్తుంది, సామాను రోడ్డు మీద పడుతుంది. ఆ రోజు గేటు దగ్గర తన కోసం నిలబడేదెవరు? వెనక్కి తిరిగి చూసింది. పదిహేడుమందీ చేతులు కట్టుకుని నిలబడే ఉన్నారు. కామందు తనకి చేను ఇవ్వలేదు. తనకి వాళ్ళని లేకుండా చేశాడు. అంతే.

చేను నడిమధ్యకి నడిచి, కావలి పనని రెండు చేతులా ఎత్తుకుంది. గేటు చాలా దూరం.

"దించు దాన్ని," అని గోస్‌లింగ్ అరిచాడు.

ఆమె గేటు దాకా మోసుకొచ్చి డోర్కాస్ ముందు ఆగింది. "పన లేచింది. చేను తెరిచినట్టే, రండి," అంది. గొంతు ఆమెకే వినిపించలేదు.

డోర్కాస్ పన అందుకుని, కట్టు తెంపి, తలా ఒక పిడికెడు పంచింది. పన ఎవరు దొంగిలించారని పోలీసు గద్దించాడు. పదిహేడు చేతులు వెన్నులు ఎత్తి చూపాయి. ముసలి తిర్జా తన పిడికెడు అతని ముక్కు దాకా తీసుకెళ్ళి, "సైకిలు మీద ఎందరిని ఎక్కిస్తావు నాయనా?" అంది.

గోస్‌లింగ్ వేలు మళ్ళీ కెజయా మీదే ఆగింది. దీన్ని తీసుకుపో అన్నాడు. సాయంత్రానికి ఇల్లు ఖాళీ కావాలన్నాడు.

"టిల్లీ..." అంది కెజయా.

"మా పిల్లల మధ్య పడుకుంటది," అంది డోర్కాస్. "దగ్గితే నేను లేస్తా. గోడవతల నుంచి వింటూనే ఉన్నాగా ఇన్నాళ్ళూ. బీదల గృహం గడప తొక్కనివ్వం."

ఇద్దరు ముగ్గురు తోడు బయల్దేరబోతే కెజయా వద్దంది. వాన వస్తోంది, ముందు గింజ చూసుకోండి అంది. పదిహేడుమందీ చేలోకి దిగారు. గోస్‌లింగ్ గుర్రాన్ని అటూ ఇటూ తిప్పాడు. వంగిన నడుములు లేవలేదు.

పట్నం ఐదు మైళ్ళు. పోలీసు సైకిలు తోసుకుంటూ ఆమెని ముందు నడిపించాడు. అడుగడుక్కీ ఆమె చెవి వెనకే ఉంది. డోర్కాస్ మొద్దునిద్ర మనిషి. లేస్తుందో లేదో. కిటికీ వేయడం మరిచిపోతారో ఏమో.

పక్క ఊరి పొలిమేరలో ఇంకో గేటు. అక్కడా కొందరు ఆడవాళ్ళు, లోపల అక్కడా ఒక పన. ఈమెని ఎందుకు పట్టుకెళుతున్నారని ఒకామె అడిగింది. మాట్లాడకుండా నడవమన్నాడు పోలీసు.

కెజయా ఆగింది. ముందు పిల్ల దగ్గు గుర్తొచ్చింది. తర్వాత తలెత్తింది.

"కావలి పన తీశానమ్మా," అంది, అందరికీ వినిపించేలా. "మా ఊళ్ళో పరిగె ఏరుకుంటున్నారు."

భుజం పట్టి తోస్తే నడిచింది. రోడ్డు మలుపు తిరిగేటప్పుడు వెనకాల గేటు గడియ తీసిన చప్పుడయింది.