పీచు మిల్లులో ఎర్రకారు

మలికిపురంలో త్రిమూర్తులుది కొబ్బరి వ్యాపారం. ముప్ఫై ఏళ్ళుగా తెల్లవారగానే తోటల్లోకి వెళ్ళడం, కాయ దింపించడం, లారీకి ఎత్తించడం, ఇదే పని. కిందటి ఏడాది, చాలాకాలంగా మూతపడి ఉన్న పీచు మిల్లొకటి అమ్మకానికి వస్తే తోటతో సహా కొన్నాడు. అందులో తాళ్ళు పేనే కొత్త మిషను పెట్టాలన్నది భార్య పద్మావతి ఆలోచన. వెనకాల ఉన్న రేకుల షెడ్డు ఆ మిషనుకి సరిపోతుందని టేపు పట్టుకుని ఆవిడే కొలుచుకుంది.

ఆ షెడ్డు ఖాళీ చేయిస్తుంటే పాత పీచు కట్టల వెనక కారు బయటపడింది.

మరీ చిన్న కారు. త్రిమూర్తులు నడుం ఎత్తుకి కూడా రాదు. రెండే సీట్లు, పైన కప్పు లేదు, ముందుభాగం పడవ ముక్కులా సాగి ఉంది. రంగు ఎరుపే కాని, రంగు ఎక్కడ అయిపోయిందో తుప్పు ఎక్కడ మొదలయిందో చెప్పడం కష్టం. తలుపు పట్టుకుని లాగితే కింది అంచు బెల్లం అచ్చులా విరిగి చేతిలోకొచ్చింది.

"ఏవండీ, తుక్కు కొనేవాళ్ళకి కబురు పెట్టండి. మిషను పదిహేనో తారీకుకి వచ్చేస్తుందంట," అంది పద్మావతి.

"ఆయ్, అలాగే," అన్నాడు త్రిమూర్తులు. అతనికీ వేరే ఆలోచన లేదు. తుక్కు వ్యాపారి గురువారం వ్యాను తెస్తానన్నాడు.

బుధవారం సాయంత్రం మిల్లు గేటు ముందు ఆటో ఆగింది. డెబ్భై అయిదేళ్ళ మనిషి దిగింది. తెల్లచీర, చేతికి పాత గడియారం, నిటారుగా నడక.

"నమస్తే అండి. నా పేరు మార్తమ్మండి. మిషనాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యేను. మీ షెడ్డులో మా డాక్టరమ్మగారి కారుందని ఊళ్ళో చెప్పేరు. ఒక్కసారి చూసి వెళ్ళిపోతానండి."

త్రిమూర్తులు లోపలికి తీసుకెళ్ళాడు. మార్తమ్మ కారు చుట్టూ మెల్లిగా తిరిగి, నడిపేవాళ్ళ వైపు వచ్చి ఆగింది. సీటు మీద ఒక పేపరు పరిచి, తలుపు తీసే పని లేకుండా కాలు లోపలికి వేసి కూర్చుంది. ఎడమచెయ్యి తిన్నగా గేరు రాడ్డు మీదికి వెళ్ళింది.

"రివర్సు పడాలంటే దీన్ని ఇలా పైకెత్తి వెనక్కి లాగాలండి. తెలీనివాళ్ళు నానా తంటాలు పడేవారు," అంటూ లాగింది. తుప్పు రాలింది. గేరు మాత్రం పడింది.

"మీరు నడిపేరేంటండీ దీన్ని?" అన్నాడు త్రిమూర్తులు ఆశ్చర్యపోయి.

"నడిపేనండి."

అప్పుడు చెప్పింది. డాక్టరమ్మగారు ఇంగ్లండు నుంచి వస్తూ ఆ కారుని ఓడలో తెచ్చుకుంది. పల్లెల్లో కాన్పులకి దాంట్లోనే వెళ్ళేది. పక్క సీట్లో మందుల సంచీతో మార్తమ్మ. గోదావరి దాటాలంటే కారుని పంటు పడవ మీదికి ఎక్కించేవారు. తనకి జ్వరం వస్తే ఎవరు వెళ్తారని, డాక్టరమ్మ ఆసుపత్రి ఆవరణలోనే ఇరవై రెండేళ్ళ మార్తమ్మకి డ్రైవింగు నేర్పింది. ఒక వానాకాలంలో నిజంగానే ఆవిడకి మలేరియా వచ్చింది. కాలవ అవతల ఊళ్ళో కష్టమైన కాన్పు. మార్తమ్మ ఒక్కతే బురదలో ఏడు మైళ్ళు నడుపుకుంటూ వెళ్ళి కవలల్ని బయటికి తీసింది.

"ఆ ఊరి జనం ఉన్నారు చూసేరూ, పిల్లల్ని వదిలేసి నన్నూ కారునీ చూడ్డానికొచ్చేరండి. బాలింత కూడా కిటికీలోంచి తొంగిచూసింది." మార్తమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి త్రిమూర్తులూ నవ్వాడు. "డాక్టరమ్మగారు వాళ్ళ దేశం వెళ్ళిపోయేక ఇది ఎన్ని చేతులు మారిందో తెలీదు. ఇప్పుడు దీన్ని ఏం చేస్తారండి?"

"రేపు తుక్కుకి పంపేస్తున్నామండి," అన్నాడతను. అనేసరికి తనకే ఇబ్బందిగా తోచింది.

మార్తమ్మ కారు దిగి, పేపరు మడిచి చంకన పెట్టుకుంది.

"మీ వస్తువు, మీ ఇష్టమండి. పంపేముందు మా చెల్లెలి కొడుక్కి ఒకసారి చూపిస్తారా? సాల్మన్ అని, అంతర్వేదిలో బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. ఉప్పుగాలికి తినేసిన ఇనుము సంగతి వాడికి తెలిసినట్టు ఇంకోళ్ళకి తెలీదు. వాడు లాభం లేదంటే నేనింక నోరెత్తనండి."

మర్నాడు వ్యాను కంటే ముందే మార్తమ్మని వెంటబెట్టుకుని సాల్మన్ వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, తక్కువ మాట్లాడతాడు. చిన్న సుత్తి, సుద్దముక్క తీసుకుని కారు కిందికి దూరాడు. సుత్తితో ఒకచోట కొట్టడం, చెవి పెట్టి వినడం, సుద్దతో గుర్తు పెట్టడం. గట్టి ఇనుము ఠంగుమంటుంది. తినేసిన ఇనుము మెత్తగా బొద్దుమంటుంది. బొద్దుమన్నచోటల్లా సున్నా చుట్టాడు. కాసేపటికి కారు ఒంటినిండా సున్నాలే. అడుగురేకు మొత్తం సున్నాలు. తలుపుల కింద సున్నాలు. నిన్న మధ్యాహ్నం దాకా ఇది పోతేనే బాగుండుననుకున్న త్రిమూర్తులు, ఇప్పుడు ప్రతి ఠంగుకీ ఊపిరి పీల్చుకుంటున్నాడు.

సాల్మన్ చివరికి పొడుగునా ఉన్న రెండు దూలాల్నీ కొట్టాడు. ఠంగ్. ఠంగ్. ఠంగ్. ఎడమవైపు వెనకాల మాత్రం బొద్దుమంది.

"పైన రేకంతా పోయిందండి," అన్నాడు బయటికి వచ్చి. "కింద ఛాసిస్ దూలాలు గట్టిగానే ఉన్నాయి. ఎడంపక్క రెండడుగులు తినేసింది, అంతే."

"ఒక్కచోటేనా విరిగింది? అయితే కట్టు కట్టొచ్చు," అంది మార్తమ్మ.

"కట్టొచ్చు పెద్దమ్మా. కానీ ఇంజను బిగిసిపోయింది. అది కదలకపోతే ఎన్ని కట్లు కట్టినా ప్రయోజనం లేదు." సాల్మన్ ప్లగ్గులు ఊడదీసి, డీజిలూ ఇంజనాయిలూ కలిపి లోపల పోశాడు. "రోజూ పొద్దున్నే కాస్త పొయ్యండి. ఈ హ్యాండిలు ఇంజనుకి ముందునుంచి పెట్టి మెల్లిగా తిప్పి చూడండి. బలవంతం చెయ్యొద్దు. పదిరోజుల్లో కదలాలండి. లేకపోతే ఇంక తుక్కే."

వచ్చిన వ్యానుని త్రిమూర్తులు పది రోజులాగి రమ్మని పంపేశాడు. పద్మావతి ఏమంటుందోనని ఆ పూట భోజనం తలవంచుకుని తిన్నాడు.

మొదటిరోజు హ్యాండిలు గోడలా నిలబడింది. రెండో రోజూ అంతే. అయినా అతను తోటలకి వెళ్ళేముందు షెడ్డుకి వెళ్ళడం మొదలుపెట్టాడు. తరవాత మధ్యాహ్నం కూడా వెళ్ళాడు. సీట్లలోంచి ఎలుకలు కూడేసిన పీచంతా తీశాడు. మీటర్ల అద్దాలు తడిగుడ్డతో తుడిస్తే, వేగం చూపించే ముల్లు సున్నా దగ్గర తెల్లగా మెరిసింది. మార్తమ్మ రెండురోజులకోసారి వచ్చి కుర్చీ వేసుకుని కూర్చునేది.

తొమ్మిదో రోజు హ్యాండిలు నొక్కితే ఏదో జారినట్టయింది. పావు చుట్టు. త్రిమూర్తులు పెట్టిన కేకకి, పాము కరిచిందనుకుని మిల్లు పనివాళ్ళంతా కర్రలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

అంతా సంబరపడుతున్న సమయంలో త్రిమూర్తులుకి ఇంకో ఆలోచన వచ్చింది. ఇంత పని చేయించేముందు తెలిసినవాళ్ళని అడగాలి. రాజమండ్రిలో సత్యనారాయణమూర్తిగారని ఒకాయనకి పాత కార్లు ఆరున్నాయని విని, ఫోన్ చేసి బతిమాలి పిలిపించాడు. ఆ రోజు మార్తమ్మా సాల్మనూ కూడా వచ్చారు. సత్యనారాయణమూర్తిగారు నిదానస్తుడు. కళ్ళజోడు సర్దుకుంటూ గంటసేపు చూశాడు.

"ఉన్నమాట చెప్పేస్తానండి, ఏమనుకోకండి. ఇది దీంతో పుట్టిన ఇంజను కాదు. ఎప్పుడో మన దేశపు కారు ఇంజను పెట్టేరు. బంపర్లు లేవు, ముందు అద్దం దీనిది కాదు. ఎంత చేయించినా దీన్ని ఎవరూ అసలైన కారనరండి. ప్రదర్శనలకి రానివ్వరు. దీపాలూ మీటర్లూ స్టీరింగూ నాకిచ్చెయ్యండి, వేరేదానికి పనికొస్తాయి. మిగతాది వదులుకోవడమే మంచిది."

మార్తమ్మ గడియారం చూసుకుంటున్నట్టు తలదించుకుంది. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదని త్రిమూర్తులుకి అర్థమయింది. అదే బాధ.

సాల్మన్ గొంతు సవరించుకున్నాడు. "అయ్యగారండీ, ఇంజను మన దేశందే కదండీ?"

"ఆయ్, మనదే."

"మరదే మంచిదండి. విదేశీ ఇంజనయితే సామాను కోసం ఏడాది చూడాలి. దీనికి పిస్టన్లూ రింగులూ కాకినాడలో ఇప్పటికీ దొరుకుతాయండి."

సత్యనారాయణమూర్తి కళ్ళజోడు తీసి సాల్మన్ వైపు చూశాడు. "తిరగడానికయితే... అవునండి. తిరగడానికయితే ఇది ఇంకా తేలిక."

"మాకు తిరిగితే చాలండి," అన్నాడు త్రిమూర్తులు. అనేశాక గుమ్మంలో నిలబడి ఉన్న పద్మావతిని చూసి నాలిక్కరుచుకున్నాడు. మిషను రావడానికి ఇంక నాలుగు రోజులే ఉంది.

పద్మావతి లోపలికి వచ్చి కారునీ, మొగుణ్ణీ మార్చిమార్చి చూసింది.

"అన్నం వేళకి ఎక్కడున్నా వచ్చేసే మనిషండి. ఈ వారంలో నాలుగుసార్లు నేనే వచ్చి పిలవాల్సొచ్చింది," అంది మార్తమ్మతో. "నిన్నయితే స్నానాల గదిలో పాట కూడా పాడేరు. పాతికేళ్ళయిందండి నేనా గొంతు విని." తరవాత మొగుడివైపు తిరిగింది. "మిషనుకి ఆ పక్కన రేకులు వేయించండి. ఇది ఇక్కడే ఉంటుంది."

సత్యనారాయణమూర్తి పెద్దగా నవ్వేశాడు. "అయితే కార్బురేటరు నేను వెతికి పంపిస్తానండి. నా దగ్గర ఎక్కడో పడుంది," అన్నాడు. అన్నట్టే వారంలో పంపించాడు.

పని ఎనిమిది నెలలు పట్టింది. సాల్మన్ బోట్ల పని లేనప్పుడు వచ్చేవాడు. తినేసిన రెండడుగుల దూలం కోసి కొత్తది అతికించాడు. అడుగున కొత్త రేకు వేశాడు. ముందు మడ్గార్డులు ఎంత అతికినా నిలవకపోతే, అంతర్వేదిలో ఫైబరు పడవలు చేసేవాళ్ళని తీసుకొచ్చి అచ్చు పోయించాడు. మధ్యలో ఒకసారి గేర్ బాక్సు విప్పి, మళ్ళీ బిగించాక రెండు నట్లు మిగిలిపోయి, అంతా మొదటినుంచీ విప్పాల్సి వచ్చింది. ఆ వారం చిరాగ్గా ఉన్న సాల్మన్ జోలికి ఎవరూ వెళ్ళలేదు. రంగు మాత్రం మార్తమ్మే ఎంచింది. షాపువాడు చూపించిన ఎరుపులన్నీ కాదని, పన్నెండోదానికి తలూపింది.

మొదటిసారి స్టార్టు చేసిన ఆదివారం, చర్చి నుంచి మార్తమ్మ తిన్నగా మిల్లుకే వచ్చింది. సాల్మన్ తాళం తిప్పాడు. కారు దగ్గింది, ఆగింది. మళ్ళీ దగ్గింది. మూడోసారి ఒక్కసారిగా ఢామ్మని సైలెన్సరులోంచి ఏళ్ళ తరబడి పేరుకున్న పీచుపొట్టంతా ఎగిసి వచ్చి, వెనకాల నిలబడి ఉన్న త్రిమూర్తులు మీద పడింది. తలా మీసాలూ గోధుమరంగైపోయాయి. అతను కళ్ళు తుడుచుకునేలోపు ఇంజను గలగలమని అందుకుంది. షెడ్డు రేకులు అదిరాయి.

"నడుస్తోందండీ! నడుస్తోంది!" అని అతనే అందరికంటే గట్టిగా అరిచాడు.

రోడ్డెక్కడానికి కాగితాలు ఇంకా రావాలి. మార్తమ్మ లైసెన్సుకీ గడువు ఎప్పుడో తీరిపోయింది. అందుకని మిల్లు వెనక కొబ్బరితోటలో ఉన్న బండిబాటలోకి తీసుకెళ్ళారు. మార్తమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుని స్టీరింగు ముందు కూర్చుంది. పక్కన త్రిమూర్తులు. కారు చిన్న కుదుపుతో కదిలింది. మొదట మెల్లిగా, రెండో గేరులో కాస్త గట్టిగా, చెట్ల మధ్యనుంచి ఎండా నీడా మీద పడుతుంటే మలుపు తిరిగింది. తను ముప్ఫై ఏళ్ళుగా తలెత్తి చూసే కొబ్బరిమట్టలు ఇలా వెనక్కి పరిగెడతాయని త్రిమూర్తులుకి ఎప్పుడూ తట్టలేదు. ఎందుకు నవ్వుతున్నాడో తెలియకుండా నవ్వుతూ ఉండిపోయాడు. మార్తమ్మ మూడు చుట్లు కొట్టింది. ఆపుదామా అని అతనడగలేదు, ఆవిడా అనలేదు.

నాలుగో చుట్టులో పద్మావతి బాటకి అడ్డంగా నిలబడి చెయ్యి చాపింది. మార్తమ్మ బ్రేకు వేసింది.

"మీరు దిగండి," అంది పద్మావతి మొగుడితో.

"ఏం, ఎందుకూ?"

"ఎందుకేంటండీ, నేనెక్కొద్దూ?"

త్రిమూర్తులు దిగాడు. పద్మావతి కొంగు నడుంకి దోపుకుని ఎక్కి కూర్చుంది. కారు దుమ్ము రేపుకుంటూ చెట్లలోకి వెళ్ళిపోయింది. ఇద్దరాడవాళ్ళ నవ్వులూ ఇంజను చప్పుడూ కలిసి దూరమయ్యాయి.

సాల్మన్ వచ్చి పక్కన నిలబడి, తల ఒకవైపుకి వంచి విన్నాడు.

"మూడో సిలిండరు కొంచెం మిస్సవుతోంది, సరిగా అందుకోవడం లేదండి. రేపు మళ్ళీ విప్పాలి."

"ఆయ్," అన్నాడు త్రిమూర్తులు సంతోషంగా. "పొద్దున్నే వచ్చెయ్యండి, విప్పేద్దాం."