పుర్రచేతి ప్రొపెల్లర్

ముందే చెప్తున్నా, నాకు కోపం ఎక్కువ. మా అమ్మ "దీనికి చెయ్యీ పుర్రే, బుద్ధీ పుర్రే" అనేది. చిన్నప్పుడు పెన్సిలు పట్టుకుంటే చాలు, నా ఎడమచేతిని రిబ్బనుతో కుర్చీకి కట్టేసేది. అమ్మ ముందు కుడిచేత్తో రాసి, ఆవిడ అటు తిరగ్గానే రిబ్బను విప్పుకుని ఎడమచేత్తో దిద్దుకునేదాన్ని. ఆ గందరగోళంలో ఎప్పుడో ఒకసారి కుడి అనబోయి ఎడమ అన్నానేమో, ఇక అంతే. "దీనికి కుడిఎడమలు తెలియవు" అని ఇంటిల్లిపాదీ ముద్ర వేసేశారు. పెళ్ళిచూపుల్లో కూడా ఆ మాట చెప్పి నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. నాకు బాగా గుర్తు.

మాకో తెరచాప పడవ ఉంది. ముప్పై రెండడుగులది, మేం కొనేటప్పటికే దాన్ని ఇద్దరు వాడేశారు. జెట్టీలో అందరూ మా ఆయన్ని "కెప్టెన్ గారూ" అంటారు. టోపీ ఆయనది, కేకలు ఆయనవి. చుక్కాని మాత్రం పంతొమ్మిదేళ్ళుగా నాది. జెట్టీకి వచ్చేటప్పుడు ఆయన పడవ ముక్కు దగ్గర తాడు పట్టుకుని, నా వైపు తిరిగి నిలబడి, "ఎడమ! ఎడమకి!" అని గొంతు చించుకుంటారు. ఆ కేకలు వినడం నేను మొదటి ఏడాదే మానేశాను. నాకు తోచినట్టు నేను తిప్పుతాను, పడవ వచ్చి బుద్ధిగా జెట్టీని ఆనుకుంటుంది. "చూశావా, నేను చెప్పినట్టు చేస్తే ఎంత బాగా వచ్చిందో!" అంటారాయన. కాపురమన్నాక ఇలాంటివి ఉంటాయిలే అని ఊరుకునేదాన్ని.

నెల్లాళ్ళ క్రితం అలాగే వస్తున్నాం. జెట్టీ దగ్గరపడింది, రివర్సు లాగాను. ఇంజను గోల పెడుతోంది కానీ పడవ ఆగదే! ఎప్పుడూ రివర్సు వెయ్యగానే వెనక భాగం కాస్త పక్కకి జరిగి, పడవ నెమ్మదించేది. ఆరోజు దానికి ఎదురే లేకుండా పోయింది. పోయి పోయి జెట్టీ సెక్రటరీ గారి కొత్త తెల్లపడవని, రెండు బారల పొడవున, గీసుకుంటూ వెళ్ళింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా పళ్ళలోనే ఉంది.

నీళ్ళలోకి మనిషిని దింపి చూపిస్తే, షాఫ్టు చివర ప్రొపెల్లరే లేదు. నట్టు వదిలి అడుగున బురదలో పడిపోయింది. రెండు రోజులు వెతికించినా దొరకలేదు. నట్టు ఊడకుండా దానికి పిన్ను వెయ్యాల్సింది మా ఆయన. ఆ సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నేను ఎత్తకపోవడం నా మంచితనం, రాసి పెట్టుకోండి.

మూడోరోజు సెక్రటరీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. "ఇకమీదట సదరు పడవను సమర్థులైనవారు మాత్రమే నడపవలెను. మరమ్మతు అనంతరం కమిటీ ఎదుట జెట్టీకి చేర్చి చూపవలెను. దేనికి తగిలినా జెట్టీలో మీ చోటు రద్దగును."

సమర్థులట! ఒళ్ళు మండిపోయింది. నట్టు ఊడితే నా సమర్థత ఊడినట్టా? నేను ఎగిరెగిరి పడుతుంటే, మా ఆయన ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, "పోనీలే, ఈసారికి చుక్కాని నేనే పడతాను" అన్నారు. సెక్రటరీ మాటకి కోపం వచ్చింది, ఈ మాటకి ఏడుపొచ్చింది. ఆ చుక్కాని కర్ర పట్టుకున్నప్పుడు మాత్రమే నా ఎడమచేతిని ఎవరూ ఏమీ అనరు. అదొక్కటే నాకున్నది. అదీ లాగేసుకుంటే ఇంకేం మిగులుతుంది?

"నేనే పడతాను" అన్నాను.

"అదే చెప్తున్నా, నేనే..."

"నేను అంటే నేను. మీరు కాదు."

పడవని క్రేనుతో పైకి లేపి యార్డులో దిమ్మెల మీద నిలబెట్టారు. శనివారం మళ్ళీ నీళ్ళలోకి దించాలి, ఆరోజే కమిటీ చూసేది. మంగళవారం పొద్దున్న మేమిద్దరం, యార్డు మేస్త్రీ కలిసి ప్రొపెల్లర్ల షాపుకి వెళ్ళాం.

గోడ నిండా ప్రొపెల్లర్లు వేలాడుతున్నాయి. ఓనరు ఒకదాన్ని తాళంచెవితో టంగుమని కొట్టి, "మోత విన్నారా? పాడైన లోహమైతే డబ్బాలా మోగుతుంది" అన్నాడు. మా ఆయన అప్పటికే ఒక మడత ప్రొపెల్లర్ని చేతిలోకి తీసుకుని నిలబడిపోయారు. రెండు రెక్కలు, మెరిసిపోతోంది. తెరచాప మీద వెళ్ళేటప్పుడు మడుచుకుపోతుంది, నీళ్ళకి అడ్డం రాదు, పడవ జోరుగా పోతుంది.

"పోవడం సరే, ఆగడం సంగతేంటి?" అన్నాను. "ఆరోజు మనం జోరు చాలక గుద్దలేదు, ఆగలేక గుద్దాం. నాకు రివర్సులో పట్టు కావాలి. మూడు రెక్కలది ఇవ్వండి, మడతలూ గిడతలూ లేనిది."

ఓనరు తలూపాడు. "అమ్మగారు చెప్పింది నిజమే, రివర్సులో దాని పట్టే పట్టు." మా ఆయన మొహం మాడ్చుకుని ఆ మడతదాన్ని మేకుకి తగిలించేశారు.

అసలు తంటా అప్పుడు మొదలైంది. "కుడిచేతిదా, ఎడమచేతిదా?" అన్నాడు ఓనరు. ప్రొపెల్లర్లలో చేతివాటం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఓనరు రెండూ పక్కపక్కన పెట్టి చూపించాడు. రెక్కలు ఒకదానికొకటి అద్దంలో చూసినట్టున్నాయి. పడవ వెనక నిలబడి చూస్తే, ముందుకి వెళ్ళేటప్పుడు గడియారం ముల్లులా తిరిగేది కుడిచేతిది. అటుదిటు తిరిగేది ఎడమచేతిది. మన ఇంజను ఏ వైపు తిప్పుతుందో దానికి తగ్గది వెయ్యాలి. తప్పుది వేస్తే ముందుకి వేస్తే వెనక్కి, వెనక్కి వేస్తే ముందుకి పోతుంది.

"పాతది ఏదమ్మా?"

"పాతది బురదలో ఉంది."

ఇంజను తిప్పి చూద్దామంటే, దాని సెల్ఫు మోటారు కాలిపోయి రిపేరుకి వెళ్ళింది. శనివారం పొద్దున్నగానీ రాదు. కాగితాలు లేవు, ఇంజను మేం కొనకముందే ఎవరో మార్చారు. షాఫ్టుకి సరిపోయేలా మధ్య బెజ్జం బోరు కొట్టడానికే రెండు రోజులు పడుతుంది, కొట్టాక మార్చడం కుదరదు.

"ఒక గుర్తుంది" అన్నాడు ఓనరు. "రివర్సు వేస్తే పడవ వెనక భాగం ఎటు లాగుతుంది? ఎడమకి లాగితే కుడిచేతిది. కుడికి లాగితే ఎడమచేతిది."

"కుడికి" అన్నాను నేను.

"ఎడమకి" అన్నారు మా ఆయన, అదే క్షణంలో.

మేస్త్రీ నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూశాడు. "నూటికి తొంభై పడవలకి కుడిచేతిదేనమ్మా" అన్నాడు మెల్లగా.

"పంతొమ్మిదేళ్ళు నా కళ్ళతో చూశాను" అన్నారు మా ఆయన. "వెనక భాగం ఎడమకే వస్తుంది. ఎడమా ఎడమా అని అరిచి అరిచి నా గొంతు పోయింది. పాపం, దీనికి చిన్నప్పట్నుంచీ కుడిఎడమలు తెలియవు."

ముగ్గురూ నవ్వారు. అరవబోయి ఆగాను. ఎందుకంటే మా ఆయన ఎన్ని కోతలు కోసినా అబద్ధం చెప్పే మనిషి కాదు. అంత గట్టిగా చెప్తున్నారంటే చూసే ఉంటారు. అయితే నాదే తప్పా? అమ్మ కట్టిన రిబ్బను నా బుర్రలో ఇంకా అలాగే ఉందా? కళ్ళు మూసుకున్నాను. చుక్కాని కర్రని నా ఎడమచేతిలోకి తెచ్చుకున్నాను, రివర్సు లాగాను. నా కింద పడవ వెనక భాగం కుడికి జరిగింది. పోనీ ఇంకోలా అనుకుందామన్నా, నా ఒళ్ళు ఒప్పుకోలేదు.

"ఎడమచేతిదే" అన్నాను. "మూడు రెక్కలది. బోరు కొట్టండి."

"తప్పయితే?" అన్నారు మా ఆయన. ఇప్పుడు ఆయన నవ్వడం లేదు. "సెక్రటరీ ముందు, కమిటీ ముందు నువ్వు వెనక్కి వేస్తే పడవ ముందుకి దూకుతుంది. ప్రొపెల్లర్ తప్పని ఎవరూ అనరు, నీకే రాలేదంటారు."

"తెలుసు. తప్పయితే చుక్కాని మీదే. ఇక జన్మలో దాన్ని ముట్టుకోను. సరేనా?"

ఆర్డరు కాగితం మీద ఎడమచేత్తో సంతకం పెట్టాను. ఎప్పటిలాగే సిరా అరచేతికి అంటుకుంది.

పౌరుషంగా అనేశాను గానీ, ఆ రెండు రోజులూ నాకు ముద్ద దిగలేదు. గురువారం యార్డుకి వెళ్ళి, దిమ్మెల మీదున్న పడవ ఒళ్ళంతా చీపురుకట్టతో తోమడం మొదలుపెట్టాను. వెనక భాగం దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. జెట్టీకి రాసుకుని పెయింటు లేచిపోయిన గీతలు, ఒకదాని మీద ఒకటి, ఏళ్ళ తరబడివి. అన్నీ కుడివైపే. ఎడమ పక్క నున్నగా అద్దంలా ఉంది. అయితే మరి ఈయన ఏం చూసినట్టు?

పైన ముక్కు దగ్గర మా ఆయన పెయింటు వేస్తున్నారు. నా వైపు తిరిగి, "ఇదిగో, నీ ఎడమ పక్క బకెట్టుంది, అందుకో!" అని కేకేశారు. ఎడమకి చూశాను, లేదు. బకెట్టు నా కుడికాలి పక్కనే ఉంది.

నేను బకెట్టుని చూశాను. ఆయన్ని చూశాను. నాకు ఎదురుగా నిలబడ్డ మనిషి. ఓరి నాయనో! ఈయన పంతొమ్మిదేళ్ళూ ఇలాగే నిలబడ్డారు. ఈయన ఎడమ అంటే నా కుడి. ఆ జెట్టీ కూడా ఈయనకి ఎడమ పక్కనే ఉంటూ వచ్చింది. నేను కేకలు వినడం మానేశాను కాబట్టి సరిపోయింది గానీ, ఒక్కరోజు విని ఉంటే ఇద్దరం మునిగేవాళ్ళం!

చీపురుకట్ట పడేసి పడీపడీ నవ్వాను. "ఏంటే?" అన్నారు. "ఏం లేదు" అన్నాను. చెప్పొచ్చు. చెప్తే శనివారం దాకా గుబులు లేకుండా ఉండేవారు. కానీ పెళ్ళిచూపుల్లో నవ్విన మనిషి కదా, రెండు రోజులు గుబులుపడితే ఏం పోయిందిలే అనుకున్నాను.

శుక్రవారం మేస్త్రీ ప్రొపెల్లర్ బిగించాడు. నట్టు పిన్ను నేనే వేసి, నేనే వంచాను.

శనివారం జెట్టీ మీద సెక్రటరీ, ఇద్దరు కమిటీ సభ్యులు నిలబడ్డారు. సెక్రటరీ తెల్లపడవ పక్కనే ఉంది, కొత్త పెయింటుతో. ఫారంలో "నడిపేవారు" అన్న చోట సెక్రటరీ మా ఆయన పేరు ముందే రాసి తెచ్చాడు. నేను పెన్ను తీసుకుని ఆ పేరు కొట్టేసి, కింద నా పేరు రాశాను.

"మేడమ్, సమర్థులైన..." అని నసిగాడు.

"ఆ సమర్థులెవరో అక్కడే రాశాను, చూసుకోండి" అన్నాను.

సెల్ఫు మోటారు బిగించాక పడవని క్రేనుతో నీళ్ళలోకి దించారు. ఇంజను అంటుకుంది. లివరు ముందుకి తోశాను. పడవ ముందుకే కదిలింది. మేస్త్రీ ఒడ్డు మీంచి రెండు చేతులూ సంబరంగా ఊపాడు. మా ఆయన మాత్రం తెల్లపడవ మీంచి కళ్ళు తియ్యలేదు.

ఒక చుట్టు తిరిగి జెట్టీకి తిప్పాను. ఆయన అలవాటుగా తాడు పట్టుకుని ముక్కు దగ్గరికి వెళ్ళి, నా వైపు తిరిగి నిలబడ్డారు.

"ముందుకి తిరగండి!" అన్నాను.

"తిరిగితే నిన్నెలా చూడను?"

"నన్ను చూడక్కర్లేదు. జెట్టీని చూడండి!"

ఏమనుకున్నారో ఏమో, తిరిగారు. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆయన వీపు నాకు కనిపించింది. తెల్లపడవ దగ్గరపడుతోంది. సెక్రటరీ రెండడుగులు వెనక్కి వేశాడు. చుక్కాని కర్ర నా ఎడమచేతిలో ఉంది. రివర్సు లాగాను.

మూడు రెక్కలూ నీళ్ళని పట్టుకున్నాయి. పడవ ఒక్కసారి ఒళ్ళు విరిచి, నెమ్మదించి, వెనక భాగం మెల్లగా జెట్టీ వైపు జరగడం మొదలుపెట్టింది. తెల్లపడవకీ మాకూ మధ్య నాలుగు బారల నీళ్ళు అలాగే ఉన్నాయి.

"ఎడ..." అని ఎత్తుకున్నారు మా ఆయన. అక్కడే ఆగిపోయారు. తన ఎడమ పక్కకి చూశారు, అక్కడ వట్టి నీళ్ళు. కుడి పక్కకి చూశారు, అక్కడ జెట్టీ. తాడు పట్టుకున్న చేతిని కళ్ళ ముందుకి తెచ్చుకుని, ఎవరిదో చెయ్యన్నట్టు చూసుకున్నారు. తర్వాత జెట్టీలో ప్రతి పడవలోనూ వినిపించేలా అరిచారు.

"కుడి! ఇది కుడేనే!"

"పంతొమ్మిదేళ్ళుగా కుడేనండీ!" అని నేనూ అరిచాను.