ఖాళీ అయిన నంబరు

...అయినా నంబర్లు వరసగా ఇస్తే తర్వాతిదేదో ఎవడైనా పసిగడతాడనే కదా చీటీ తీసినట్టు ఇమ్మన్నారు, అందులో తన తప్పేముంది, అనుకుంటూ జ్యోతిర్మయి కూర్మన్నపాలెంలో బస్సెక్కి కిటికీ పక్కన కూలబడింది, అచ్యుతాపురం టిక్కెట్టు తీసుకుంది, కళ్లు మూస్తే మళ్లీ అదే, ఫ్యాక్టరీ కంప్యూటర్లో మొదలయ్యే ప్రతి పనికీ ఒక నంబరు, పని ముగిస్తే నంబరు ఖాళీ, ఖాళీ అయింది ఇంకో పనికి, అంతే, మొదట ఆమె ప్రోగ్రాంలో రాసింది ఏదో ఒక నంబరు తీసి చూడడం, అందులో ఎవరైనా ఉంటే మళ్లీ తీయడం, పనులు కిక్కిరిసేసరికి తీసిందల్లా నిండిందే, తీస్తూనే ఉంది, మిషన్ మొరాయించింది, మేనేజరు గుణశేఖర్ ఫోన్ చేసి శుక్రవారం ఇచ్చెయ్యాలి జ్యోతిర్మయీ, ఎలాగైనా స్పీడు పెంచు, అన్నాడు, అప్పటికి రెండు వారాలుగా సరైన నిద్ర లేదు, వెతుకులాటే లేకుండా అప్పుడే ఖాళీ అయిన నంబర్లను గుప్పెడు పక్కనపెట్టి వాటిలోంచే తీసేలా మార్చింది, చిటికెలో పనిచేసింది, అందరూ మెచ్చుకున్నారు, బస్సు గోతిలో పడి లేచింది, తల కిటికీకి తగిలినా ఆమె కదల్లేదు.

ఆ గుప్పెట్లోంచే వచ్చింది రెండువేల నూట పదిహేడు, ఏదో రిపోర్టు పని ముగిసి వదిలిన నంబరు, షిఫ్టు మారగానే కొత్తగా మొదలయ్యే గ్యాసు సైరన్ పనికి ఆ క్షణమే దొరికింది, రిపోర్టును ఆపమంటూ ఆలస్యంగా వచ్చిన ఆదేశం ఆ నంబరు చూసుకుని సైరన్‌ని ఆపేసింది, నలభై నిమిషాలు ఫ్యాక్టరీలో సైరన్ లేదు, గ్యాసు లీకై ఇద్దరు పడిపోయారు, బతికారు, బతికారు, అని మూడు రోజులుగా అనుకుంటూనే ఉంది, ఎవరు ఆపారో రికార్డులో లేదు, అప్పుడు సీట్లో ఉన్నది కాంట్రాక్టు ఆపరేటరు అర్జునరావు, అతనే ఆపాడని గేటు పాసు లాక్కున్నారు, నిన్న అసలు సంగతి పట్టుకుని ఆమె చెబితే గుణశేఖర్, సరిచేసేశావు కదా, రేపు ఎంక్వైరీలో మామూలు అప్‌డేట్ వల్ల జరిగిందను, పాతది తవ్వకు, అన్నాడు, సరిచేయడానికి పట్టింది సగం రోజు, ఖాళీ నంబర్లన్నీ ఒక వరసలో పెట్టి ఎక్కడినుంచో ఒకటి తీయడం, ఆ ఖాళీలోకి చివరిదాన్ని జరపడం, కొత్తగా ఖాళీ అయినవాటిని కొంతసేపు ఆపడం, స్పీడు తగ్గనే లేదు, సగం రోజు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర రేకుల నీడలో యాభై దాటిన మనిషి లేచి నిలబడి, కంప్యూటరమ్మవి నువ్వేనా తల్లీ, నాను అర్జునరావుని, అన్నాడు, ఆమె తల ఊపింది, నాను దాని జోలికెల్లనేదమ్మా, ఏటి నొక్కీసేవో సెప్పమంటన్నారు, నొక్కితే కదా సెప్పడానికి, మా ఇంటిది కూడా నిజం సెప్పీ అంటంది, అని, గొంతు తగ్గించి, రెండు డ్యూటీలు సేసున్నానమ్మా, కునుకట్టి నొక్కీసేనేటో, నాకే అనుమానమొచ్చేస్తంది, ఒప్పీసుకుంటే వదిలేత్తారేటి, అన్నాడు, ఆమె లోపలికి నడిచింది.

గదిలో ఎంక్వైరీ అధికారి శ్రీరామ్మూర్తి కాగితాలు జరిపి, కారణం ఏమిటమ్మా, అడిగాడు, అప్‌డేట్ అన్న మాట నాలుక మీదే ఉంది, తేలికైన మాట, దాని వెనకే ఇంకోటి, అలసట, అదీ నిజమే, కానీ స్పీడు పెంచిన ఆ గురువారం సాయంత్రం, ఖాళీ అయిన నంబరును కొంతసేపు ఆపాలి అని ఒక లైను తనే రాసుకుంది, మళ్లీ తనే చెరిపేసింది, ఎప్పుడో గాని జరగదులే అనుకుంది, అవును, అనుకుంది, చేయనిదాన్ని చేశానేమో అని బయట ఆ మనిషి తనను తాను తవ్వుకుంటున్నాడు, ఆమెకి తవ్వుకోవాల్సిన పని లేదు, అంతా పైనే ఉంది, అర్జునరావుగారు ఏదీ ఆపలేదు సార్, అంది, పొరపాటు జరిగింది అనబోయి ఆగింది, అది పొరపాటు కాదు, నాకు తెలుసు, తెలిసే వదిలేశాను, అంది.