రెండు చుట్లు

కడియం పూలసంతలో బంతిపూల బుట్టలు దించుకుంటున్నాను, దించిన ప్రతి బుట్టా గాలికోట గోడలో ఒక రాయి అయిపోతోంది, నాకు అందులో వింతేమీ తోచడం లేదు. సరుకు ఏదైనా దించడమే కదా మన పని అనుకుంటూ ఉండగా, గోడ కింది నుంచి నూకరత్నం పిలుస్తోంది. ఇద్దరం కలిసి పాతికేళ్లు పూలకొట్టు నడిపాం, బేరాలు లేని మధ్యాహ్నాల్లో కలిసి ఒక నవల రాశాం. ఆమె పోయి తొమ్మిది నెలలు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరమూ ఎత్తడం లేదు.

ఆమె మల్లెదండ పట్టుకుని వేలాడుతోంది, కింద మబ్బులు. దండ రెండో కొస నా చేతిలో ఉంది. మా నవల మొదటి భాగం సరిగ్గా ఇక్కడే ఆగింది: గాలికోట కూలుతుంటే అలివేణి తాడుకు వేలాడుతుంది, ఆమె నేస్తం పొద్దుమణి పైనుంచి పట్టుకుంటుంది.

"రెండో భాగంలో తాడు వదిలేస్తన్నావంట కదే తాయారూ?"

"వదల్లేదింకా. ఇయ్యాళ రాద్దామని."

"దేనికంట?"

"సింహాసనానికి. పొద్దుమణి ఒక్కతే రాణవుద్ది. ఒక్కతైతే కథ నడపడం తేలిక."

"నన్నొదిలేసి!"

"నిన్ను కాదే, అలివేణిని."

"అలివేణి ఎవత్తే? ఆ జడ నాది, ఆ నోరు నాది."

కోటగోడ మెల్లగా మా కొట్టు అరుగవుతోంది, మబ్బులు నీళ్లు చల్లిన గోనెపట్టాలవుతున్నాయి, అయినా ఆమె బరువు తగ్గడం లేదు, దండ నా గుప్పిట్లోంచి జారుతోంది, లాభమూ నష్టమూ చూసుకోకుండా మాట జారని నా నోటి నుంచి చివరికి నిజం వస్తోంది.

"యుద్ధాలు నేను రాశాను, అలివేణి మాటలన్నీ నువ్వు రాశావు. లేని సరుకు ఎక్కణ్ణుంచి తెచ్చేదే? ఆవిడ నోరు తెరిస్తే నా దగ్గర ఒక్క ముక్క లేదు."

"పాతికేళ్లు పక్కన కూచుని విన్నావు, అదంతా ఏ గంపలో పోశావే? ముందు చేతికి రెండు చుట్లు తిప్పు. ఒక్క చుట్టు జారిపోద్దని ఎన్నిసార్లు చెప్పాలి?"

పూలమూటలు తాడేసి అటక మీదికి లాగేటప్పుడు రోజూ అరిచే అరుపే అది. తిప్పుతున్నాను. మణికట్టు మండుతోంది.

"నొప్పా?"

"నొప్పి కాక! పోయినోళ్లు దూదిలా తేలికైపోతారంటారు, నువ్వేంటే వానకి తడిసిన బంతిమూటలా ఉన్నావు!"

నూకరత్నం వేలాడుతూనే పకపకా నవ్వుతోంది, ఆ నవ్వుకి గోడ రాళ్లన్నీ మళ్లీ పూలై రాలుతున్నాయి.

"అదిగో! అచ్చం అలివేణి నోరే! ఇంక మాటలకి కరువేంటే నీకు?"

"ముందు నువ్వు పైకి రావే!" అంటూ లాగుతున్నాను, లాగుతున్నాను.

మెలకువ వచ్చింది. మిట్టమధ్యాహ్నం. కొట్లో బల్ల మీదే తల వాల్చి నిద్రపోయాను. పక్కన రెండో భాగం నోటుపుస్తకం, ఖాళీ పేజీ దగ్గర తెరిచే ఉంది. కుడి మణికట్టు మంటగా ఉంటే చూసుకున్నాను. నా పైట కొంగు దానికి బిగిసి ఉంది, రెండు చుట్లు.

విప్పలేదు. ఎడమచేత్తో కలం అందుకున్నాను.