ఒకటో తేదీ జెండా

పెదరాయివలస పంచాయితీ ఆఫీసు బంట్రోతు సోములు జెండా కట్టడంలో చెయ్యి తిరిగినవాడు. ముందురోజు సాయంత్రం గుడ్డని నిలువునా మడిచి, ఒళ్ళో పెట్టుకుని, గుప్పెడు బంతిపూల రేకులు పోసి, అడ్డంగా చుట్టి, తాడుతో జారుముడి వేస్తాడు. మర్నాడు ప్రెసిడెంటుగారు ఒక్క లాగు లాగితే ముడి విడిపోవాలి, రేకులు ఆయన నెత్తిమీదే పడాలి. ముడి బిగుసుకుంటే జెండా విచ్చుకోదు, ప్రెసిడెంటు పరువు పోతుంది. వదులైతే జెండా పైకెక్కకముందే పూలన్నీ నేలపాలవుతాయి. పద్నాలుగేళ్ళలో సోములు ముడి ఒక్కసారీ తప్పలేదు. ఆ గర్వం అతనికి కాస్త ఎక్కువే ఉండేది.

ఆగస్టు పదిహేనుకీ, జనవరి ఇరవయ్యారుకీ ఆ జెండాలోంచి పూలే రాలేవి. నవంబరు ఒకటికి మాత్రం పూలతో పాటు ఇంకోటేదో రాలేది. ఆ తేదీ ఆంధ్రప్రదేశ్ పుట్టినరోజు. ఏదో ఒక ఏడు సరిగ్గా అదే తేదీన పోయిన వస్తువు ఏదైనా సరే, ఆ జెండాలోంచి కిందపడేది. మొదటేడు బుల్లమ్మ ముక్కుపుడక పడింది. అది ఆవిడ పెళ్ళయిన కొత్తలో చంపావతి ఏట్లో జారిపోయింది. బుల్లమ్మ దాన్ని కొంగుతో తుడిచి ముక్కుకి పెట్టుకుని, మీటింగు అయ్యేదాకా కూర్చుని, మిఠాయి తీసుకుని ఇంటికి పోయింది. ఇంకో ఏడు పంచాయితీ రేడియో పెట్టె తాళంచెవి పడింది. అప్పటికి రేడియోలో బ్యాటరీ కూడా చచ్చిపోయింది గనక తాళంచెవి వల్ల పెద్ద ఉపయోగం లేకపోయింది.

ఎందుకిలా అని ఊళ్ళో ఎవరూ అడగలేదు. ఈ ఏడు ఏం పడుతుందోనని మాత్రం అందరికీ ఆత్రంగానే ఉండేది. మామూలు రోజుల్లో పంచాయితీ ఆఫీసు గడప తొక్కనివాళ్ళు కూడా ఒకటో తేదీ పొద్దున్నే వచ్చి జెండా కర్ర కింద చోటు పట్టుకునేవారు. ప్రెసిడెంటు నారాయణమూర్తిగారు ఆ జనమంతా తన ఉపన్యాసం కోసమే వచ్చారనుకునేవారు. మనిషికి ఆమాత్రం ఆశ లేకపోతే రాజకీయాల్లో బతకలేడు.

అరవై ఏడులో ఒంటి చెప్పు పడింది. చదువుకునే కుర్రాడి చెప్పు, కొత్తది, పట్టీ తెగి ఉంది. అంతకు ముందు ఏడు అదే తేదీన విశాఖపట్నంలో ఉక్కు ఫ్యాక్టరీ కావాలని అడిగినవాళ్ళ మీద పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు చచ్చిపోయారు. ఆ సంగతి జెండా కింద నిలబడ్డ అందరికీ తెలుసు. ఒకే తేదీకి రాష్ట్రం పుట్టడమూ, పిల్లలు పోవడమూ రెండూ ఉంటే, సర్కారు సర్క్యులరులో ఒకటే రాస్తుంది. నారాయణమూర్తిగారు చెప్పు వంక ఒకసారి చూసి, గొంతు సవరించుకుని, పుట్టినరోజు ఉపన్యాసం మొదలుపెట్టారు. సోములు ఆ చెప్పుని ఆఫీసు కిటికీలో పెట్టాడు. ఏడాదంతా దాన్ని అడుగుతూ ఎవరూ రాలేదు. దుమ్ము దులిపిన ప్రతిసారీ సోములుకి ఏడుపొచ్చేది.

అందుకే అరవై ఎనిమిదిలో ప్రెసిడెంటుగారు ముందే జాగ్రత్తపడ్డారు. ఆ ఏడు తాసీల్దారుగారు స్వయంగా వస్తున్నారు. రాష్ట్రం పుట్టి పన్నెండేళ్ళయిన సందర్భంగా ఊరి మొదట్లో స్మారక స్తంభానికి శంకుస్థాపన. రాయి కూడా చెక్కించేశారు. దాని మీద తేదీ కంటే నారాయణమూర్తిగారి పేరు రెండింతలు పెద్దగా ఉంది. తాసీల్దారు ముందు చెప్పులూ చీపుళ్ళూ రాలితే బాగుండదు, ఈసారి పూలు కూడా వెయ్యొద్దు, ఖాళీ జెండా కట్టు అని సోములుకి గట్టిగా చెప్పారు.

స్తంభం లేవబోయేది తవిటమ్మ చోడి చేలో. అది అర ఎకరం బంజరు. తవిటమ్మా ఆవిడ మొగుడూ కలిసి రాళ్ళేరి, తుప్పలు కొట్టి చేను చేశారు. మొగుడు పోయాక ఆవిడొక్కతే చేస్తోంది. ఇంట్లో నలుగురు పిల్లలు ఆ చోళ్ళ అంబలి తాగే పెరుగుతున్నారు. అది పోతే పిల్లల్ని తీసుకుని కూలికి వలసపోవడమే. కోతలయ్యాక చేను ఖాళీ చెయ్యమని అప్పటికే చెప్పేశారు.

నిజానికి ఆ అర ఎకరానికి పట్టా ఇచ్చారు. యాభై ఆరు నవంబరు ఒకటిన, రాష్ట్రం పుట్టిన రోజునే, పందిరి వేసి బంజరు పట్టాలు పంచారు. తవిటమ్మ పేరు పిలిచేసరికి ఆవిడ చేలో ఉంది. కబురు అంది పరుగెత్తుకొచ్చేసరికి ఆవిడ కాగితం కనిపించలేదు. రేపు రమ్మన్నారు. ఈలోగా వేదిక మీంచి నలభై ఏడు పట్టాలు పంచామని మైకులో చెప్పేశారు. మైకులో చెప్పాక నలభై ఆరు అని రాయడానికి ఎవరికి చేతులొస్తాయి? ఇచ్చినట్టే రిజిస్టర్లో రాసుకున్నారు. అప్పట్నించీ తవిటమ్మ ఎప్పుడెళ్ళి అడిగినా ఒకటే జవాబు. నీకు ఇచ్చేశాం కాబట్టి మళ్ళీ ఇవ్వం, నీ దగ్గర లేదు కాబట్టి భూమి నీది కాదు. ఇచ్చిన రోజుని తలుచుకోవడానికి ఇప్పుడు ఇచ్చినదాన్నే లాక్కుంటున్నారు.

ముందురోజు సాయంత్రం సోములు జెండా మడుస్తుంటే తవిటమ్మ వచ్చి అరుగు మీద కూర్చుంది. వరసకి సోములు ఆవిడకి బావ.

"బావా, నా కాయితం కూడా ఒకటో తారీకునే పోయినాది గదా," అంది.

"పోయినాది. గాని ఏ ఏడు ఏటి పడతాదో నాకేటి తెలుసు? ఈపాలి పూలు కూడా ఎయ్యొద్దన్నారు పెసిడెంటుగారు. కాళీ జెండాలోంచి ఏటి రాలతాది సెప్పు?"

"బుల్లమ్మ ముక్కుపుడక నువ్వెట్టినావేటి?"

సోములు ఖాళీ జెండానే చుట్టాడు. కానీ ముడి వేసి, విప్పి, మళ్ళీ వేశాడు. పద్నాలుగేళ్ళలో మొదటిసారి తన ముడి మీద తనకే అనుమానం వచ్చింది.

మర్నాడు జీపు దిగిన తాసీల్దారు సత్యరాజుగారు నెరిసిన జుట్టుతో, నిదానంగా మాట్లాడే మనిషి. శంకుస్థాపన రాయి చదివి, బాగుందన్నట్టు తలాడించారు. ఆయన చేతికి తాడు అందించారు. ఆయన లాగారు. ముడి రాలేదు. రెండోసారి లాగారు. సోములు కళ్ళు మూసుకున్నాడు. మూడోసారికి జెండా విచ్చుకుంది. మడతలు పడ్డ ఒక కాగితం తిరుగుతూ తిరుగుతూ వచ్చి సత్యరాజుగారి బూట్ల దగ్గర పడింది.

ఆయన వంగి తీసుకుని చదివారు. చాలాసేపు చదివారు. ప్రెసిడెంటుగారు పక్కనుంచి ఉపన్యాసం మొదలుపెట్టమంటున్నా వినిపించుకోలేదు.

"ఇది నా సంతకమేనయ్యా," అన్నారు చివరికి. "అప్పుడు డిప్టీ తాసీల్దారుగా ఉండేవాణ్ణి. ఈ ఊరు వచ్చాను. పందిట్లో కూర్చుని నలభై ఏడు సంతకాలు పెట్టాను. తవిటమ్మ ఎవరు?"

తవిటమ్మ ముందుకొచ్చింది. శంకుస్థాపన రాయి చెక్కించేశామనీ, మిఠాయి తెప్పించామనీ నారాయణమూర్తిగారు గుర్తుచేశారు. సత్యరాజుగారు చుట్టూ నిలబడ్డ జనాన్ని చూశారు. పట్టా ఉన్న భూమిలో స్తంభం కట్టడం కుదరదన్నారు. పన్నెండేళ్ళు ఎవరూ చూడని కాగితం కాబట్టి, అసలుదేనని దాని మీదే రాసి సంతకం పెడితే ఇక ఎవరూ అడ్డు చెప్పలేరన్నారు. కలం తీశారు. ముందుగా తేదీ వెయ్యబోతుంటే తవిటమ్మ కాగితం మీద చెయ్యి అడ్డంపెట్టింది.

"ఈ తారీకు ఎయ్యకండి బాబూ. ఈ తారీకున ఇచ్చింది ఏదీ నిలవడంనేదు."

ప్రెసిడెంటుగారు కసిరారు. సత్యరాజుగారు కసరలేదు. కిటికీలో ఉన్న చెప్పుని అప్పుడే చూశారు. అదెవరిదని సోముల్ని అడిగారు. విశాఖపట్నంలో పోయిన కుర్రాడెవరిదో అని సోములు చెప్పాడు. ఆయన కలం మూసి జేబులో పెట్టుకున్నారు.

"అయితే రేపు..." అని ఆగిపోయారు. రేపు రమ్మనే మాట ఆవిడ ఎన్నిసార్లు విని ఉంటుందో ఆయనకి తట్టినట్టుంది. "నువ్వు రావొద్దమ్మా. రేపు నేనే వస్తాను."

తవిటమ్మ నమ్మలేదు. ఆఫీసర్ల మాటలు నమ్మడానికి ఆవిడేం నిన్నమొన్న పుట్టలేదు. కాగితం మాత్రం ఆయన చేతిలోంచి తీసుకుని ఇంటికి పోయింది. శంకుస్థాపన రాయిని ఆఫీసు గోడకి చేరేశారు. మిఠాయి మాత్రం అందరూ తిన్నారు.

మర్నాడు శనివారం. జెండా లేదు, మైకు లేదు, ఊళ్ళో ఎవరి పని వాళ్ళది. తవిటమ్మ చేలో చోడి వెన్నులు కోస్తుంటే గట్టు పక్కన జీపు ఆగింది. సత్యరాజుగారొక్కరే దిగి, మొల దాకా ఎదిగిన చేలోంచి మంచుకి పంచె తడవకుండా ఎత్తిపట్టుకుని వచ్చారు. తవిటమ్మ కొడవలి కింద పెట్టింది. రాసుకోవడానికి ఏదైనా ఉందా అని ఆయన అడిగితే కోసిన వెన్నులు కుమ్మరించి, బుట్ట బోర్లించింది. ఆయన గట్టు మీద కూర్చుని, బుట్ట మీద కాగితం పెట్టి, అసలు పట్టా అని రాసి, కింద సంతకం చేసి ముద్ర కొట్టారు.

"ఏ తారీకు ఏసినారు బాబూ?"

"రెండు. నవంబరు రెండు."

"ఇంతకు ముందు ఈ తారీకున ఏటైనా అయినాదా?"

సత్యరాజుగారు తేదీలన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. ఏటేటా వచ్చే సర్క్యులర్లన్నీ ఆయనకి కంఠతా వచ్చు.

"నాకు తెలిసి ఏమీ కాలేదమ్మా."

"అయితే ఇది ఉంటాది," అని తవిటమ్మ కాగితం మడిచి రొంటిన దోపుకుని, కొడవలి తీసుకుంది.