పాలబండి డెస్ కప్పు

ముందు తాను మెట్టెక్కి, ఆ తర్వాత పాల ట్రేల బండిని తన వైపుకి లాక్కోవడం డెస్ పద్ధతి. మిగతా డ్రైవర్లు కింద నుంచి నెట్టి నడుము నొప్పి తెచ్చుకుంటారు. ఇంగ్లండులోని హల్ నగరంలో డెయిరీ పాలు పోసే డెస్‌కి అరవై దాటాయి. మనిషి పొడుగు, భుజాలు కాస్త వంగాయి. చలికి తెల్లబడిన కుడిచేతి వేళ్ళు రెండు మధ్యాహ్నం దాకా మామూలు రంగుకి రావు. ఆ రోజు కూడా నది మీంచి వచ్చే గాలి కోసేస్తోంది. కాలేజీ విద్యార్థి సంఘం వంటగదిలో పాలన్నీ ఫ్రిజ్‌లో సర్ది, గదిని వెచ్చబరిచే రేడియేటర్ పక్క కుర్చీలో కూలబడ్డాడు.

ఆ కుర్చీ అతనిదే. గోడకున్న కొక్కేలలో మూడోదానికి వేలాడే కప్పూ అతనిదే. దాని మీద వంటమనిషి మ్యూరియల్ గోళ్ళరంగుతో ఎర్రగా 'డెస్' అని రాసింది. అతను పాలు దించే చోట్లు ఊళ్ళో చాలా ఉన్నాయి గానీ, లోపలికొచ్చి బాత్‌రూమ్ వాడుకో, కాసేపు కూర్చో అన్నది ఈ ఒక్కచోటే. అందుకే దీన్ని ఆఖరున పెట్టుకుంటాడు. ఇక్కడికొస్తున్నానని తలచుకుంటేనే అతనికి కడుపు నిండినట్టుంటుంది.

“ఏమయ్యా, ఇవాళ మీటింగు నీ గురించేనట. తల దువ్వుకొచ్చావా?” అంది మ్యూరియల్ టీ పోస్తూ.

“దువ్వడానికేముంది గనక!” అని డెస్ బట్టతల తడుముకున్నాడు.

మీటింగు నిజంగా అతని గురించే. కిందటి చలికాలం ఒళ్ళు కాలిపోతున్నా పాలు తెచ్చి, ఇదే కుర్చీలో వణుకుతూ కూర్చున్నాడు. డెయిరీలో జబ్బు చేస్తే జీతం లేదు. చట్టం ఇప్పించే నాలుగు రాళ్ళు ఇంటద్దెకే చాలవు. సంఘం ఎవరి దగ్గర ఏం కొనాలో చూసే ఇఫియోమా అనే విద్యార్థిని ఆ రోజు అతన్ని చూసింది. అప్పట్నుంచి డెయిరీతో మాటలు మొదలయ్యాయి. ఏడాది మాట్లాడితే డ్రైవర్లకి మంచి గ్లవ్స్ వచ్చాయి. జబ్బు జీతం మాత్రం పరిశీలనలోనే ఉండిపోయింది. ఇక ఆ పాలు కొనడం మానేద్దామని ఇఫియోమా, మానేస్తే మన మాట ఎవరు వింటారు, కొంటూనే మాట్లాడదామని ఆమె స్నేహితుడు రోరీ. ఓటింగుకు ముందు ఇద్దరూ వంటగదికి వచ్చారు.

“డెస్ గారూ, మీరే చెప్పండి,” అన్నాడు రోరీ. “మానేస్తే ముందు దెబ్బ మీకేగా? మీరిక ఇక్కడికి రావడమే ఉండదు.”

“కొంటూ ఉంటే ఇంకో జత గ్లవ్స్ ఇస్తారు,” అంది ఇఫియోమా.

“నాకున్నవి రెండు చేతులేనమ్మా,” అన్నాడు డెస్. ముగ్గురూ నవ్వారు.

“పోనీ, నేను రిటైరయ్యేదాకా ఆగితేనో?” అన్నాడు తర్వాత, ఇంకా నవ్వుతున్నట్టే.

ఇఫియోమా నవ్వడం ఆపింది. “మీరు ఆగమంటే ఆగుతాం.”

అతను కప్పులోకి చూశాడు. ఈ కుర్చీ పోతుందంటే దిగులేసింది. మళ్ళీ పెట్రోలు బంకుల్లో బాత్‌రూమ్ తాళం కోసం బతిమాలుకోవాలి. కానీ తన జ్వరాన్ని తనే మర్చిపోయాడు, ఈ పిల్లలు ఏడాదిగా గుర్తుపెట్టుకున్నారు. డెయిరీలో ఇంకా బోలెడుమంది డ్రైవర్లున్నారు, వాళ్ళకీ జ్వరాలొస్తాయి.

“ఆగొద్దులే తల్లీ. మానేయండి,” అన్నాడు. “కానీ ఈ బాబు మాట కూడా కొట్టిపారేయకండి. పాలు మానేసినా మాట్లాడటం మానొద్దు.”

ఖాళీ బండి పట్టుకుని మీటింగు హాలు గుమ్మంలో నిలబడి చూశాడు. లోపల మానేద్దామంటూ చేతులు లేచాయి. రోరీ చెయ్యి కూడా లేచింది. తన జ్వరం కోసం ఇన్ని చేతులా! డెస్ చెయ్యి కూడా బండి పిడి మీంచి కాస్త లేచింది. తనకి ఓటు లేదని గుర్తొచ్చి, ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు.

వంటగదిలోకి వచ్చి కప్పు కడిగాడు.

“ఇంటికి పట్టుకుపో,” అంది మ్యూరియల్ అటు తిరిగి.

“ఎందుకూ? డెయిరీ వాళ్ళు దారికొస్తే పాలు తెచ్చేది మళ్ళీ నేనేగా. అప్పుడు దేంట్లో తాగనూ?” అంటూ కప్పుని దాని కొక్కేనికి తగిలించాడు. “టీకి థాంక్సమ్మా. అన్నిటికీ,” అని మెట్లు దిగాడు.

ఇంకో నాలుగు కాలేజీలు పాలు మానేశాక, రోరీ వదలకుండా మాట్లాడుతూ పోయాక, వసంతానికి డెయిరీ దిగొచ్చి జబ్బు జీతానికి ఒప్పుకుంది. కొత్త చదువుల ఏడాదికి ఒప్పందం కుదిరి, వేసవి సెలవులయ్యాక పాలబండి మళ్ళీ వచ్చింది. దాన్ని తెచ్చింది లిన్సీ అనే కొత్త డ్రైవరు. ముందు తాను మెట్టెక్కి, ఆ తర్వాత బండిని లాక్కుంది.

“అలా లాగడం డెస్ నేర్పాడు,” అంది మ్యూరియల్‌తో. “జూన్‌లో పోయాడండీ. ఊపిరితిత్తుల జబ్బు. చివరి వారాలన్నీ ఇంట్లోనే పడుకున్నాడు, జీతం పూర్తిగా వచ్చింది. ఇంట్లో పడుకుంటే జ్వరం కూడా ఇంత హాయిగా ఉంటుందా అని నవ్వేవాడు. ఆ మాట ఇక్కడి పిల్లలకి చెప్పమన్నాడు.”

మ్యూరియల్ లిన్సీని రేడియేటర్ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, బీరువాలోంచి వేరే కప్పు తీసి టీ పోసింది. మూడో కొక్కేనికి డెస్ కప్పు అలాగే వేలాడుతోంది, ఎర్రటి పేరు పాలబండి వచ్చే గుమ్మం వైపుకి తిరిగి.