ముల్లు కింద గుమ్మం

ఇవాళ సాయంత్రం నుంచి తాతారావు గదికి గుమ్మం గోడలో లేదు. రేడియోలో ఉంది. మీడియం వేవ్ పట్టీ మీద ఊళ్ల పేర్లు అయిపోయాక, కుడిపక్కన మిగిలే ఖాళీలో ఎక్కడో ఉంది. ముల్లు సరిగ్గా దాని మీదికి వస్తే గోడలో తలుపు కనిపిస్తుంది. వెంట్రుకవాసి తప్పితే మళ్లీ సున్నం గోడే.

తాతారావు దీనికి పెద్దగా కంగారు పడడు. కాకినాడలో కళ్లజోళ్ల కొట్టు పెట్టుకుని బతికే మనిషే గానీ, కొట్టు కట్టేశాక అతని కాపురమంతా రేడియోతోనే. దూరపు స్టేషన్లు పట్టడం అతని పిచ్చి. వెర్రి వేయి విధాలన్నారు, ఇది అందులో ఎవరికీ అపకారం లేని రకం అని అతని నమ్మకం.

దూరపు స్టేషన్లు పట్టడమంటే పాటలు వినడం అనుకునేరు. కాదు. సముద్రం అవతలి స్టేషను పొద్దువాలే వేళ గరగరలోంచి సన్నగా లేచి తన పేరు చెప్పుకుంటుంది. ఆ పేరు చెవిన పడితే చాలు, స్టేషను పట్టినట్టే. తర్వాత వాళ్లు పెళ్లిపాట పాడినా, చావుకబురు చెప్పినా అతనికి పట్టదు. పేరు పూర్తి కాగానే వేలు తిరుగుతుంది, ముల్లు ఇంకోచోటికి పోతుంది. ఆ విద్యలో తాతారావుది అందెవేసిన చెయ్యి.

ఇవాళ మాత్రం అతను బయటికి వెళ్లి తీరాలి. భార్య వీరవేణికి కంటి ఆపరేషన్. ఒక కన్ను చిన్నప్పుడే పోయింది, ఉన్నది ఈ ఒక్కటే. పొద్దు గూకగానే ఆసుపత్రికి తీసుకెళ్లడానికి కారొస్తుంది. "మీరు పక్కనుండి నా చెయ్యట్టుకుంటేనే బల్లెక్కుతానండి, లేపోతే లేదు" అని మధ్యాహ్నం అన్నం పెడుతూ కరాఖండిగా చెప్పింది. ఆవిడ ఉన్న వంటగది ఈ గోడకి అవతలే.

కిటికీలో పొద్దు సగం మునిగి, అక్కడే ఆగి ఉంది. దూరపు స్టేషన్లకి ఇంతకన్నా మంచి వేళ లేదు. ఇది ఎప్పటికీ అయిపోకుండా ఉంటే బాగుండునని తాతారావు ఎన్నోసార్లు కోరుకున్నాడు. ఇప్పుడు అది అయిపోవడం లేదు.

అతను నాబ్ మీద రెండు వేళ్లు వేసి మెల్లగా తిప్పుతాడు. గరగర. ఎవరో అర్థం కాని భాషలో దగ్గుతారు. మళ్లీ గరగర. తర్వాత స్పష్టంగా ఒక ఆడగొంతు.

"నేను వీరవేణిని. వంటగదిలోంచి మాటాడతన్నాను."

గోడలో తలుపు వస్తుంది, గొళ్లెంతో సహా. అంతలోనే తాతారావు వేలు తిరిగిపోతుంది. పేరు వినబడింది కదా, వేలు తన పని తాను చేసింది. తలుపు పోతుంది.

"చేజేతులా పోగొట్టుకున్నాను" అని అతను పైకే అనుకుంటాడు.

ముల్లు వెనక్కి తెస్తే గొంతు సన్నగా దొరుకుతుంది గానీ తలుపు రాదు. రేడియోని బల్ల మీద అటూ ఇటూ తిప్పి చూస్తాడు. ఏ దిక్కుకి పెడితే గొంతు పెరుగుతుందో స్టేషను ఆ దిక్కున ఉన్నట్టు. ఈ పిచ్చి ఉన్నవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. వంటగది గోడకేసి పెడితే గొంతు చచ్చిపోతోంది. సముద్రంకేసి పెడితే లేస్తోంది. అంటే వంటగది ఇప్పుడు సముద్రం మీద ఉంది. గొంతు ఊగే తీరు చూస్తే అండమాన్లు దాటి ఉండాలి.

"వేణీ! వినపడతందా?" అని రేడియోలోకి అరుస్తాడు.

"వినపడతందండి. అరవకండి, పాలు పొయ్యి మీదున్నాయి."

"తలుపు తియ్యవే. ఇంకా పొద్దు గూకలేదు, వెళ్దాం."

"మీ కిటికీలో సంగతి నాకు తెలీదండి. ఇక్కడ చీకటడిపోయింది."

అతనికి ఆవిడ కన్ను గుర్తొస్తుంది.

"నేనేం చెప్పానో చెప్పండి, తీస్తాను," అంటుంది వీరవేణి. "మీరు పైదేశాలోళ్లకి రాసి పంపేది అదే కదా. మీ స్టేషన్లో ఫలానాది విన్నానని. అది సరిపోతేనే కదా వాళ్లు మీకు బొమ్మకార్డు పంపేది."

"నేను వీరవేణిని, వంటగదిలోంచి మాటాడతన్నాను, అన్నావు."

"అది పేరండి. పేరు పెళ్లిచూపుల్లోనే చెప్పాను. తరవాతది చెప్పండి."

పేరు తప్ప ఏమీ వినని స్టేషన్లకి ఉత్తరం రాసేటప్పుడు చేసే దొంగపనే తాతారావు ఇక్కడా చేస్తాడు. "ముందు ఆడగొంతు మాట్లాడింది. తరవాత కాసేపు గిన్నెల చప్పుడు. మళ్లీ ఆడగొంతు."

"అది ఏ కొంపకైనా సరిపోద్దండి."

కోపం రావలసిన చోట అతనికి ఏడుపొస్తుంది. ఎక్కడెక్కడి స్టేషన్ల పేర్లో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఇన్నేళ్లలో ఆవిడ చెప్పినదాంట్లో ఒక్క మాటా చివరిదాకా గుర్తు లేదు. అతనికి తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

భుజం మీది తువ్వాలు తీసి కుడిచేతి వేళ్లన్నీ కలిపి బిగించి కట్టేస్తాడు. ఎడమచేత్తో ముల్లుని ఆ గొంతు దగ్గరికి తెచ్చి వదిలేసి, రేడియోకి చెవి ఆనించి కూర్చుంటాడు.

"నేను వీరవేణిని," అంటుంది ఆవిడ. తువ్వాల్లో వేళ్లు గట్టున పడ్డ చేపపిల్లల్లా కొట్టుకుంటాయి. తిరగలేవు.

"నాకు ఆపరేషనంటే భయం లేదండి. కట్టు విప్పేటప్పుడే భయం. విప్పగానే ముందు గోడ కనపడిందనుకోండి, ఇంక జన్మంతా గోడలే కనపడతాయేమో అని. అందుకని మీ మొహం ఎదురుగా ఉండాలి. మీ మొహం ఏమంత బాగోదు. అయినా నాకదే అలవాటు. పాలు దింపేశాను. కారొచ్చింది. పిలిచి పిలిచి విసిగించడం నాకిష్టం లేదండి, వెళ్తన్నాను."

గరగర.

తాతారావు అక్షరం పొల్లుపోకుండా అంతా తిరిగి చెబుతాడు. భయం, గోడ, మొహం, పాలు, కారు. వినడానికి అవతల ఎవరూ లేరు. ఆవిడ ఒక్కతే బల్లెక్కి ఉంటుంది. ఆ ఆలోచన అతను భరించలేకపోతాడు.

అప్పుడు ఎదుటి గోడ గాజవుతుంది, రేడియో పట్టీని లోపల్నుంచి చూస్తున్నట్టు. గాజు మీద ఊళ్ల పేర్లు, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. తాడిచెట్టంత ఎర్రముల్లు గాజు వెనక మెల్లగా జరుగుతూ వచ్చి అతని ఎదురుగా నిలబడుతుంది. దాని మొదట్లో సన్నటి తలుపు.

ఇప్పుడు స్టేషను తనే. స్టేషనన్నాక ఒక పద్ధతి ఉంటుంది. "నేను తాతారావుని," అని మొదలుపెడతాడు. ముల్లు చరచరా వెళ్లిపోతుంది.

చాలాసేపటికి గాని అది తిరిగి రాదు. ఈసారి అతను పేరు మింగేస్తాడు. "నాకు ఆపరేషనంటే భయం లేదండి," అని ఆవిడ మాటలే అందుకుంటాడు. ముల్లు నిలబడుతుంది. తలుపు బెత్తెడు తెరుచుకుంటుంది. సందులోంచి వీరవేణి కనిపిస్తుంది. కంటికి కట్టు. రెండు వేళ్లు నాబ్ మీద. ఆవిడకి ఈ విద్య ఎవరు నేర్పారో అడగక్కర్లేదు.

"ఎవరండి మాటాడేది? ఏ స్టేషనండి మీది?" అని మర్యాదగా అడుగుతుంది.

చెబితే తిప్పేస్తుంది. అతను చెప్పడు. "కట్టు విప్పేటప్పుడే భయం," అని మాట్లాడుతూనే ఉంటాడు.

ఆవిడ కాసేపు తల వంచుకుని వింటుంది. తర్వాత తన కట్టు కొస వెతికి పట్టుకుని, సందులోంచి అతనికి అందిస్తుంది.

"కాస్త విప్పి పెట్టండి, ఎవరైతేనేం."

అతను ఎడమచేత్తో లాగుతాడు. మెత్తటి తెల్లగుడ్డ వస్తుంది, వస్తూనే ఉంటుంది. మోకాళ్లు దాటుతుంది, నడుము దాటుతుంది. బల్ల, కిటికీ, కిటికీలో పొద్దు దాని కిందికి వెళ్లిపోతాయి. తాతారావు గడ్డం పైకెత్తి మాట్లాడుతూ లాగుతున్నాడు. అవతల వీరవేణి మొహం మీద ఒక్క చుట్టు కూడా తగ్గలేదు.